వెల్ల కింద ముఖం

మా పెద్దమ్మకు మనుషుల మీద కన్నా గోడల మీద నమ్మకం ఎక్కువ. మనిషి పైకి నవ్వుతూ లోపల ఏం పెట్టుకున్నాడో చచ్చినా చెప్పడు, గోడ అలా కాదు, లోపల చెమ్మ ఉంటే నాలుగు వానలకే బయటపెట్టేస్తుంది అనేది. ఈ మాట ఆమె మా పెదనాన్నను దృష్టిలో పెట్టుకుని అంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన వడ్రంగి. దూరంగా ఎక్కడో మంచి పని దొరికిందని రంపం, చిత్రిక సంచిలో వేసుకుని వెళ్ళాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత ఎవరిదైనా పెళ్ళికో చావుకో వచ్చేవాడు. చివరిసారి వచ్చింది సొంత కూతురి సమాధి దగ్గరికి. అక్కడి నుంచి అటే వెళ్ళిపోయాడు, ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు.

పెద్దమ్మ పని వెల్ల వేయడం. అది మా తాత నుంచి వచ్చింది. తాతకు కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్ళే. చిన్న కూతురు, అంటే మా అమ్మ, కుట్టుమిషన్ ఎక్కి కూర్చుంది. పెద్ద కూతురు నిచ్చెన ఎక్కింది. ఆడదానికి నిచ్చెనేమిటని నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారట. ఆ నలుగురి ఇళ్ళకూ తర్వాత ఆమే వెల్ల వేసింది. ఇళ్ళు, బడి, ఆస్పత్రి ప్రహరీ అన్నీ చేసేది గాని, ఆమె మనసంతా మా చర్చి మీదే ఉండేది.

చర్చి మా సంఘం కన్నా పాతది. దాన్ని ఎప్పుడో వేరేవాళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ కాలంలో గోడల నిండా బొమ్మలు ఉండేవని చెప్పుకుంటారు. కట్టడం మా పూర్వీకుల చేతికి వచ్చాక, దేవుని వాక్యం వినే చోట చెవులుంటే చాలు, కళ్ళకు పనేమిటని బొమ్మలన్నిటి మీదా సున్నం కొట్టేశారు. రంగుటద్దాలు ఊడదీసి మామూలు అద్దాలు బిగించారు. సిలువ మీద మనిషి లేడు, ఉత్త కొయ్యే. ప్రసంగ వేదిక మాత్రం మెట్లెక్కి వెళ్ళేంత ఎత్తున, నెత్తిన చెక్క కప్పుతో ఉంటుంది. పాస్టరు గారి మాట ఆ కప్పుకు తగిలి వెనక బెంచీ మీద కునుకు తీసేవాడి చెవిలో పడుతుంది. పైన మూడు పక్కలా జనం కూర్చునే గ్యాలరీ. దాన్ని మోసే కొయ్య స్తంభాలకు పాలరాయి చారలు గీసి రంగు వేశారు. మా వాళ్ళకు బొమ్మలంటే పడదు గాని ఈ చిన్న మోసానికి అభ్యంతరం లేకపోయింది.

ఏటా చర్చి ప్రతిష్ఠ దినానికి ముందు లోపలంతా వెల్ల పడాలి. అది పని కాదు, మాకు ఆరాధనలో భాగం. బెంచీలకు ఉన్న చిన్న తలుపులు ఊడదీసి ఆరుబయట కడుగుతారు. పాటలు పాడే క్వయర్ వాళ్ళు పాత గుడ్డలు పట్టుకుని ఆర్గన్ గొట్టాలు తుడుస్తారు. స్త్రీల సమాజం వాళ్ళు ఇత్తడి ఫలకాలకు చింతపండు పట్టించి, వాటి మీద పేర్లున్న చచ్చిపోయినవాళ్ళ గురించి ఒకటికి రెండు కలిపి చెప్పుకుంటారు. సంఘ పెద్ద ప్రార్థన చేసి, కుంచె ముంచి గోడ మీద ఒక్క గీత గీసి, ఆ కుంచెను పెద్దమ్మ చేతికి ఇస్తాడు. ఇక ఆ గోడలు ఆమెవి.

సున్నపురాళ్ళు తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేవి. ఆ వేడి చల్లారి, మీగడలా చిక్కబడ్డాక, గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలపాలి. నేను కలిపేదాన్ని, ఆమె వేసేది. తడిగా ఉన్నప్పుడు వెల్ల నీళ్ళలాగే ఉంటుంది, కింద ఉన్నదంతా కనబడుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి ఏమీ పడలేదని కంగారుపడతారు. ఆరుతున్న కొద్దీ తెల్లబడుతుంది. మళ్ళీ గోడ తడిస్తే కాస్త పలచబడ్డట్టు అవుతుంది. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి తెలియాలి.

పెద్దమ్మకు ఒక్కతే కూతురు. నాకన్నా కొంచెం పెద్దది, అక్కా అని పిలవమనేవాళ్ళు, నేను పిలిచేదాన్ని కాదు. సంఘమంతా దాన్ని పిచ్చుక అనేది. తల్లి నిచ్చెన మీద ఉంటే అది గ్యాలరీ అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ పాస్టరు గారిని అనుకరించేది. ఆయన గొంతు సవరించుకోవడం, కళ్ళజోడు నుదుటి మీదకు తోయడం, ఆఖరికి తుమ్ము కూడా దింపేసేది. ఒకసారి ఆయనే వెనక నిలబడి విని, తుమ్ము ఇంకాస్త గట్టిగా ఉండాలి అన్నాడు. సున్నం పని చేసేవాళ్ళకు మొదటి భయం కళ్ళు. కంట్లో పడితే చూపు పోతుంది. అందుకని పెద్దమ్మ కుంచె పైకెత్తినప్పుడల్లా కింద ఉన్న మా ఇద్దరికీ, “కళ్ళు మూసుకోండే” అని చెప్పేది. నేను మూసుకునేదాన్ని. అది ఒక కన్ను తెరిచే ఉంచేది.

ఒక వానాకాలం పిచ్చుకకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. బడి గోడ పని మధ్యలో ఉందని పెద్దమ్మ పొద్దున వెళ్ళి వచ్చేసరికి పిల్లకు మాట పడిపోయింది. ఆస్పత్రిలో దాటిపోయింది. ఎలా పోయిందో నాకు బాగా గుర్తులేదు, మా అమ్మ కుట్టుమిషన్ ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దం అయిపోవడం గుర్తుంది.

పిల్లకు విడిగా ఫోటో లేదు. సండే స్కూల్ పిల్లలందరినీ చర్చి మెట్ల మీద నిలబెట్టి తీసిన ఫోటో ఒకటుంది. అందులో నేను దొంగలా బిగుసుకుని నిలబడ్డాను. నా పక్కన పిచ్చుక సరిగ్గా ఆ క్షణంలో ఎటో తిరిగి చూసింది. జడ కనిపిస్తుంది, చెవి కనిపిస్తుంది, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంటుంది. పెద్దమ్మ ఆ ఫోటోను కిటికీ దగ్గర పెట్టుకుని, ఎటువైపు చూసింది, ఏం చూసింది అని నన్ను ఎన్నోసార్లు అడిగింది. నాకెలా తెలుస్తుంది? నేను కెమెరా వైపు చూస్తున్నాను.

ఆ మరుసటి వానాకాలంలో చర్చి గోడ మీద ముఖం కనిపించింది.

ఉత్తరపు గోడకు, గ్యాలరీ మెట్ల కింద ఉన్న మూల అది. అక్కడ ఎండ పడదు, ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఎదురుగా గోడకు దేవుడి పది ఆజ్ఞల పలక వేలాడుతూ ఉంటుంది, బంగారు అక్షరాలతో. మొదట అందరూ మామూలు చెమ్మ మరక అనుకున్నారు. ఏడాది మారేకొద్దీ అది తేటపడింది. వాన పట్టినప్పుడు రెండు నల్లటి గుంటలు, వాటి మధ్య ఒక పొడుగాటి నీడ, కింద కాస్త పక్కకు లాగినట్టున్న నోరు. తల కొంచెం పక్కకు వాలి ఉండేది. ఎండలు రాగానే మాయమయ్యేది. వాన ఆదివారాల్లో ప్రసంగం జరుగుతుంటే ఆ మూల బెంచీ వాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు వెనక్కి చూసేవాళ్ళు.

మెట్ల కింది మనిషి అని పేరు పెట్టారు. సున్నం కింద సమాధి అయిన పాత బొమ్మల్లో ఒకటి పైకి వస్తోందని సంఘంలో అందరికీ గట్టి నమ్మకం. మా వాళ్ళు ఎవరి ముఖాల మీద సున్నం కొట్టారో వాళ్ళు ఊరుకోరని ముసలమ్మలు గుసగుసలాడేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళను ఆ మూల పక్కగా తీసుకువెళ్ళేవాళ్ళు కాదు. ఇంట్లో చావు జరిగినవాళ్ళు మాత్రం కొన్నాళ్ళపాటు వచ్చి అక్కడే కూర్చునేవాళ్ళు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నాకు ఆ ముఖమంటే భయం. ఒక వాన మధ్యాహ్నం క్వయర్ అభ్యాసానికి ముందుగా వెళ్ళాను. చర్చిలో ఎవరూ లేరు. ఆ మూల బెంచీ తలుపు దానంతట అదే కిర్రుమని తెరుచుకుంది. పాత తలుపు, గాలికి తెరుచుకుంటుంది, నాకూ తెలుసు. అయినా అటు చూశాను. గోడ మీది ముఖం అంతసేపూ నన్నే చూస్తూ, నేను చూడగానే పక్కకు తిరిగినట్టు అనిపించింది. ఆ తిరగడం నాకు తెలుసు, మెట్ల మీది ఫోటోలో ఉన్నది అదే. నేను పాట పుస్తకాలు అక్కడే పడేసి వానలోకి పరిగెత్తాను. పెద్దమ్మకు చెబితే భయపడలేదు. కొంగుతో నా తల తుడుస్తూ, “నిన్ను గుర్తుపట్టిందే” అంది. ఆ మాటకు నాకు ఇంకా భయమేసింది.

ఎందుకంటే ఆమె ఆ ముఖంతో మాట్లాడేది. అందరి ముందూ కాదు, నిచ్చెన మీద ఉన్నప్పుడు. మిగతా గోడంతా ఆమె కుంచె ఉరుకులు పరుగుల మీద నడిచేది. ఆ మూలకు వచ్చేసరికి నెమ్మదించేది. బుగ్గలున్న చోట చుట్టూ తిప్పేది, నుదుటి మీద ఊరికే తాకించేది. “కళ్ళు మూసుకో తల్లీ” అని గొణిగేది, కాసేపు ఆగేది. మూసుకోకపోతే నేనేం చేయనని తనలో తానే అనుకుని కుంచె పక్కకు తీసేది. నేను కిందనుంచి వినేదాన్ని. కడుపుకోత ఉన్న మనిషి, ఏదో అనుకుంటోందిలే అనుకునేదాన్ని. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

సంఘ పెద్దకు మాత్రం ఆ మరక పేరెత్తితే ఒళ్ళు మండేది. ఆయనది క్వయర్ మొత్తాన్నీ మింగేసేంత లావు గొంతు, అందుకని మేము చాటుగా నగారా అనేవాళ్ళం. బొమ్మ చేసుకోవద్దన్న ఆజ్ఞ ఎదురుగా పెట్టుకుని ఈ గోడ మీద ముఖం ఏమిటి, ఇంకో పూత వేయమని ఏటా గొడవపెట్టేవాడు. పెద్దమ్మ తల ఊపి, ఆయన చూస్తుండగానే ఆ మూలలో ఇంకోసారి కుంచె ఆడించేది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయేవాడు. వానలు రాగానే ముఖం మళ్ళీ హాజరు.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పెద్దమ్మ జుట్టు సున్నం లేకుండానే తెల్లబడింది. పైకప్పు కారి గోడలు ఉబ్బుతున్నాయని కమిటీ వాళ్ళు పాత కట్టడాలు బాగుచేసే ఒకావిడను పిలిపించారు. చెవిపెట్టి గోడను వేలితో తట్టి చూసేది గనక మేము ఆమెను గోడల డాక్టరమ్మ అన్నాం. మంచి మనిషి. నెమ్మదిగా, తనకు తెలిసింది తెలుసని, తెలియనిది తెలియదని చెప్పేది. ప్రసంగ వేదిక పక్కన చిన్న కత్తితో అరచేయంత మేర సున్నం పొరలు ఒక్కొక్కటే లేపింది. కింద నీలిరంగు తీగ, రెండు ఆకులు బయటపడ్డాయి. సంఘమంతా తోసుకుంటూ వచ్చి చూసింది. పూర్వీకుల మాట నిజమే, కింద బొమ్మలున్నాయి.

ఆ రోజు నుంచి పెద్దమ్మకు తిండి సహించలేదు. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పైన ఇన్ని పూతలు పడ్డాక, ఇంత మసకలోంచే బిడ్డ పోలికలు కనిపిస్తున్నాయి, ఆ సున్నం తీసేస్తే ముఖం ఎంత తేటగా ఉంటుందో చూడు అంది. ఆ బొమ్మ ఎప్పుడో పిచ్చుక పుట్టకముందు గీసింది కదా, ఎవరో వేరే మనిషిది కదా అన్నాను. ఉండనీ, ఎవరి ముఖమైతేనేం, పోలిక నా బిడ్డది అంది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మరుసటి కమిటీ సమావేశానికి, ఎవరూ పిలవకుండానే, సున్నం మరకల చీరతోనే వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. నేను తోడు వెళ్ళాను.

సంఘ పెద్ద ఒంటికాలి మీద లేచాడు. తీగలూ ఆకులూ అంటే సరే, ముఖాన్ని తవ్వి బయటపెడితే రేపు దానికి దణ్ణాలు పెట్టేవాళ్ళు తయారవుతారన్నాడు. కొత్త పాస్టరు గారు అటూ ఇటూ చూశారు. ఆయన వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది. ఆ గదిలో ఆమె గొంతు వినడం అందరికీ అదే మొదలు.

“దణ్ణం పెట్టడానికి కాదయ్యా. నా బిడ్డ ముఖం నాకు మరపుకొస్తోంది. పొద్దున లేచి తలుచుకుంటే ముక్కు వస్తుంది, నవ్వు వస్తుంది, రెండూ కలిసి రావు. ఆ గోడ చూస్తేనే కలుస్తాయి. చచ్చేలోగా ఒక్కసారి తేటగా చూసుకుంటాను. తర్వాత మీరు చెబితే నేనే సున్నం కొట్టేస్తాను.”

సంఘ పెద్ద కూర్చున్నాడు. ఎవరూ కాదనలేదు.

డాక్టరమ్మ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పింది. ఒకసారి తీసిన పొర మళ్ళీ అతకదు, కింద ఏముందో తీసేదాకా తనకూ తెలియదు, బాగా ఆలోచించుకోమంది. నాకు తెలుసుగా అంది పెద్దమ్మ. గోడ ఎండితే గాని పని కుదరదని ఎండలు ముదిరేదాకా ఆగారు. మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఫోటోలు తీసింది. ఎండాకాలం గనక ముఖం ఎలాగూ కనబడటం లేదు. ఆ ఫోటోల్లో ఉత్త తెల్ల గోడ పడింది.

పని మొదలైన రోజు మూలంతా జనం. నేల మీద గుడ్డ పరిచారు. పెద్దమ్మకు ముందు బెంచీలో చోటిచ్చారు. ఆమె తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఎవరినో చూడబోతున్నట్టే వచ్చింది. డాక్టరమ్మ కళ్ళకు భూతద్దం పెట్టుకుని నోరున్న చోట మొదలుపెట్టింది. సున్నం పెచ్చులు గుడ్డ మీద రాలుతుంటే చప్పుడు కూడా లేదు. కొంతసేపటికి ఆమె చేయి ఆగింది. పక్కకు జరిగి అక్కడ కాస్త గీకింది, కళ్ళున్న చోట కాస్త గీకింది. మళ్ళీ ఆగింది. అద్దం తీసి పెద్దమ్మ వైపు చూసింది.

“అమ్మా, ఇక్కడ కింద ఏమీ లేదు.”

“ఇంకాస్త తియ్యి తల్లీ.”

“గార వచ్చేసింది. ఉత్త గార. ఇక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ గీయలేదు.”

అందరం ముందుకు వంగాం. నిజమే. బూడిదరంగు గార, అంతే. మరి ఇన్నేళ్ళు కనిపించింది ఏమిటని సంఘ పెద్ద అడిగాడు, ఆ గొంతు అంత చిన్నదవగలదని నాకు అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ సమాధానం చెప్పడానికి ఇష్టపడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ఈ గోడ మీద మిగతా చోట్ల సున్నం వేలి మందాన ఉంది. ఇక్కడ పాత పూతలు చెమ్మకు ఎప్పుడో రాలిపోయాయి, కొన్ని చోట్ల కాగితం మందం కూడా లేదు. బుగ్గల దగ్గర మందం, కళ్ళ దగ్గర పలుచన. ఏటా కుంచె ఆ చోట్లను తప్పించుకుంటూ వెళ్ళింది. వాన తడికి పలుచని చోట గార నల్లగా కనబడేది. ముఖం సున్నం కింద లేదు, సున్నంలోనే ఉంది.

అందరి చూపులూ పెద్దమ్మ చేతుల మీదకు వెళ్ళాయి. బొమ్మలు లేని మా చర్చిలో, ఆజ్ఞల పలకకు ఎదురుగా, ఆమె తనకు తెలియకుండానే ఏడాదికింత చొప్పున బిడ్డ ముఖం చేసింది. ఇప్పుడు తనే అడిగి దాన్ని గీకించేసుకుంది. పెద్దమ్మ ఏడవలేదు. లేచి వచ్చి, గుడ్డ మీద రాలిన పెచ్చుల ముందు కూర్చుని, వాటిలో ఒకదాన్ని తీసి వెలుగుకు పట్టుకుని చూసింది. రెండు వైపులా తెల్లగానే ఉంది. డాక్టరమ్మ పక్కన కూర్చుని, తనకు ముందే తెలిసి ఉండాల్సిందని, క్షమించమని అంది. నీ తప్పేముంది తల్లీ అని పెద్దమ్మ ఆమె చేయి నిమిరింది. నాకు మాత్రం ఎవరి మీద పడి అరవాలో తెలియలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత ఆ మూల గాయం మానని చోటులా బూడిదరంగులో ఉండిపోయింది. పీడ వదిలిందని అందరూ సంతోషించాలి కదా, ఒక్కరూ సంతోషించలేదు. చావు జరిగిన ఇళ్ళవాళ్ళు వచ్చి ఆ బెంచీలో కూర్చుని, గోడను చూసి, కాసేపటికి లేచి వేరే చోటికి జరిగేవాళ్ళు. ముసలమ్మలు గుసగుసలు మానేశారు. వెల్ల వేసే రోజులు దగ్గరపడ్డాక, ఒక సాయంత్రం సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“మా అమ్మ పోయినప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నాను. వచ్చేసరికి పెట్టె మూసేశారు. వాన పడ్డప్పుడు ఆ గోడ మీద అమ్మనే చూసుకునేవాణ్ణి” అన్నాడు. “ఏటా పూత వేయమని తిట్టింది కూడా నేనే. ఈసారి నేనేమీ అనను. నీ చేయి ఎలా పోతే అలా వెయ్యి.”

పెద్దమ్మ అలాగేనయ్యా అంది. ఆయన వెళ్ళాక ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత కళ వచ్చింది. చేసింది నా చేతులే అయితే మళ్ళీ చేయలేవా అంది. మూడేళ్ళు పడుతుందో నాలుగేళ్ళు పడుతుందో, అన్నాళ్ళు బతకకపోతానా అని లెక్క వేసింది. నేను కూడా ఆశపడ్డాను. ఆ రాత్రి ఇద్దరం కడుపు నిండా తిన్నాం.

ఆ రోజు వచ్చింది. సంఘ పెద్ద ప్రార్థన చేసి, గీత గీయకుండానే కుంచె ఆమె చేతికి ఇచ్చి, అందరినీ బయటకు పొమ్మన్నాడు. చర్చిలో మేమిద్దరమే మిగిలాం. ఆమె నిచ్చెన ఎక్కింది. కుంచె ముంచింది, పిండింది. చేయి ఎత్తి గోడ ముందు పెట్టి ఆగిపోయింది. కుంచె నుంచి సున్నపు నీళ్ళు మోచేతి దాకా కారాయి. ఎడమకు జరిపింది, కుడికి జరిపింది. ఇదివరకు అక్కడ ఒక నీడ ఉండేది, చేయి దాని చుట్టూ తిరిగేది. ఇప్పుడు ఏ నీడా లేదు. తలలో వెతుక్కుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

చాలాసేపటి తర్వాత కిందికి చూసింది.

“కళ్ళు ఎక్కడుండేవే? ఇక్కడా, ఇంకా పైనా? నువ్వు దానితోనే పెరిగావుగా, చెప్పు.”

నేను కళ్ళు మూసుకున్నాను. తుమ్ము వినిపించింది. గ్యాలరీ అంచున ఊగే కాళ్ళు కనిపించాయి. ముఖం కోసం చూస్తే గోడ మీది మరక వచ్చింది. దాన్ని పక్కకు తోసి ఇంకా వెనక్కి వెళితే ఫోటోలో ఆ తెల్లటి మసక వచ్చింది. అంతకు వెనక ఏమీ లేదు. ఏదో ఒక చోటు చూపించి ఇక్కడే అని చెబుదామని నోటి దాకా వచ్చింది. ఆమె నమ్మేది. అక్కడ చుట్టూ తిప్పి తిప్పి, ఇంకెవరిదో ముఖం చేసుకుని, దానికే బిడ్డా అని చెప్పుకునేది.

“నాకూ గుర్తు లేదు పెద్దమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది. కుంచె మళ్ళీ ముంచి, పై నుంచి కిందికి, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా నెమ్మదించకుండా వేసుకుంటూ పోయింది. రెండో పూత వేసింది. మూడో పూత కూడా వేసింది. నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, గోడ ఆరేదాకా బెంచీలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అది మా కళ్ళముందే తెల్లబడింది.

తర్వాతి వానాకాలం మొదటి ఆదివారం చర్చి కిటకిటలాడింది. వాన దంచికొడుతోంది. పాట సగంలో ఉండగానే తలలు తిరగడం మొదలైంది. ప్రసంగం వచ్చేసరికి సంఘ పెద్దతో సహా సంఘమంతా మెడలు తిప్పి మెట్ల కింది గోడ వైపే చూస్తోంది. ఇంకాసేపు తడిస్తే వస్తుందేమో అన్నట్టు చూస్తోంది. పాస్టరు గారు కూడా మాట మధ్యలో అటు చూశారు. పెద్దమ్మ ఒక్కతే తిరగలేదు. వెల్ల వేసింది ఆమే గనక, అక్కడ ఏమీ రాదని ఆమెకు తెలుసు.